పలకపెట్టెలో దయామణి గొంతు

రంగయ్య పలకల దుకాణం మలుపు తిరిగిన మోషే ఠక్కున ఆగిపోయాడు. ఎక్కడో దయామణి పాడుతోంది.

భార్య గొంతు అతనికి కొత్తా? ఇంట్లో, ప్రార్థన గుడిలో, కలుపు తీసే చేలో ఎన్నిసార్లు వినలేదు! కాని ఇది వేరుగా ఉంది. పదం చివర ఆమె ఊపిరి పీల్చుకోవడం వినిపిస్తోంది. పెదవులు కలిసి విడిపోవడం వినిపిస్తోంది. చెవి దగ్గర నోరు పెట్టి పాడితే తప్ప ఏ మనిషి గొంతూ అలా వినిపించదు.

ఎవరి చెవి దగ్గర పాడుతోంది?

మోషే దుకాణం వెనక ఉన్న రేకుల షెడ్డులోకి గబగబా నడిచాడు. లోపల దయామణి లేదు. నడుమెత్తు పెట్టె ఒకటి ఉంది. చెక్కది కాదు, మార్కాపురం పలకరాయితో చేసింది. నల్లటి బండలను ఇనుప పట్టీలతో బిగించారు. ముందు బండకు గుండ్రటి కన్నం, ఆ కన్నంలో కాగితపు శంకు. దయామణి పాట అందులోనుంచి వస్తోంది. పెట్టె ముందు కృపాకర్ మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని వింటున్నాడు.

"పై గొంతు బాగుంది. కింద ఇంకొంచెం బరువు కావాల దయా!" అని అరిచాడు కళ్లు తెరవకుండానే.

"ఇంగ బరువంటే ఎద్దును తెచ్చి పాడించుకో బావా!" అంది పెట్టె.

దయామణి షెడ్డు బయట, కిటికీ అవతల మైకు పట్టుకుని నవ్వుతోంది.

దయా! పెళ్లయిన ఇన్నేళ్లలో మోషే ఆమెను అలా పిలవలేదు. అలా పిలవవచ్చని కూడా అతనికి తట్టలేదు.

కృపాకర్ దయామణికి మేనమామ కొడుకు. ఒకప్పుడు పెద్దవాళ్లు వీళ్లిద్దరికీ పెళ్లి చేయాలనుకున్నారు. కృపాకర్ మిలిటరీలో చేరి వెళ్లిపోవడంతో ఆ మాట ఆగిపోయింది, ఆమె మోషేకు భార్య అయింది. యుద్ధమంతా వైర్‌లెస్ సెట్లు బాగుచేసి, అది ముగిశాక, ఈ పందొమ్మిది వందల నలభై ఆరు వేసవిలో కృపాకర్ తిరిగి వచ్చాడు. వస్తూ మద్రాసులో మిలిటరీ పాత సామాన్ల వేలంలో రెండు లౌడ్‌స్పీకర్ శంకులూ, ఎవరూ ముట్టని ఒక కాలిపోయిన యాంప్లిఫయరూ తెచ్చుకున్నాడు. యాంప్లిఫయర్‌కు కొత్త గాజు వాల్వులు వేసి ప్రాణం పోశాడు. శంకులకు పెట్టెలు కావాలంటే, చెక్క అదురుతుందని రంగయ్య దగ్గర పలకబండలు అడిగాడు.

"బడిపిల్లోళ్లు రాసుకునే పలకతో పాటలు పాడిస్తన్నాడు మీ తమ్ముడు. చూసినావా మోషే?" అన్నాడు రంగయ్య షెడ్డులోకి వస్తూ. "రేపొద్దున నా దుకాణం బోర్డు మార్చాల్సిందే."

"చూస్తన్నాలే" అన్నాడు మోషే.

అతని కడుపులో మంట ఈ రోజు పుట్టింది కాదు. మార్కాపురం నుంచి గిద్దలూరు దాకా అతని పేరు మైకు మోషే. క్రైస్తవుల ఉజ్జీవ సభలు ఎక్కడ జరిగినా వేదిక పక్కన యాంప్లిఫయర్ ముందున్న కుర్చీ అతనిది. ఆ యాంప్లిఫయర్ ఒక మూతపడ్డ డేరా సినిమా వాళ్లది. ఆన్ చేసిన దగ్గరనుంచి కందిరీగల తుట్టెలా గుయ్‌మంటూ ఉండేది. అది ఆయిల్ ఇంజను మోత అని మోషే అందరికీ చెప్పేవాడు. కృపాకర్ వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం మోషే ఇంటికి కాఫీకి వచ్చి, మాటల్లోనే దాని మూత ఊడదీసి, ఎండిపోయిన కండెన్సరు ఒకటి పీకి కొత్తది అతికించాడు. గుయ్‌మనడం పోయింది.

"ఇన్నేండ్లూ ఇంజను, ఇంజను అంటివే!" అని దయామణి పకపకా నవ్వింది.

ఆ నవ్వును మోషే ఇంకా మింగలేదు.

*

మార్కాపురంలో వేసవి సభలు శుక్రవారం మొదలవుతాయి. దర్శి నుంచి, పుల్లలచెరువు నుంచి, గిద్దలూరు నుంచి బండ్లు కట్టుకుని జనం వస్తారు. సభలు నడిపించే పాస్టరు ఇస్సాకు అయ్యగారు మోషేనూ కృపాకర్‌నూ పిలిచి తేల్చి చెప్పాడు.

"ఈసారి కృపాకర్ పెట్టెలు పెడదాం. మోషే, నీ గరాటా హారన్లు పక్కన సిద్ధంగా పెట్టుకో. ఆదివారం కూటం అయినాక చెప్తా, ఇంక ముందు ఆ కుర్చీ ఎవరిదో."

"ఇప్పుడే చెప్పేయండి అయ్యగారూ. నేను ఇంటికాడ పండుకుంటా" అన్నాడు మోషే.

"అలగొద్దు. అలిగేది పెండ్లికొడుకులు. నీకు పెండ్లయింది" అన్నాడు ఇస్సాకు అయ్యగారు.

శుక్రవారం సాయంత్రం పందిరి నిండిపోయింది. వేదికకు ఒక కొసన ఒక పలకపెట్టె, ఇంకో కొసన రెండోది. సరిగ్గా నడుమ మైకు. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టగానే ముందు వరుసల వాళ్లు ముఖాలు చూసుకున్నారు. గరాటాలోంచి ముక్కుతో మాట్లాడే గొంతు కాదది. అయ్యగారే వచ్చి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది.

కాని వెనకనుంచి కేకలు లేచాయి. "వినపడటంల్యా! ఇంకా పెంచు!"

కృపాకర్ మీట తిప్పాడు. పెట్టెలు రెండూ ఒక్కసారి కుయ్‌య్‌మని ఊళ వేశాయి. పెట్టెల్లోంచి వచ్చిన మోత మళ్లీ మైకులోకి దూరి, మళ్లీ పెట్టెల్లోంచి వస్తే పుట్టే ఊళ అది. కృపాకర్ తగ్గించాడు. ఊళ ఆగింది, వెనక జనానికి మాట కూడా ఆగింది. కూటమంతా ఇదే తంతు.

మోషే ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

శనివారం పొద్దున్నుంచీ కృపాకర్ పెట్టెల దగ్గరే ఉన్నాడు. వెనక బండ ఊడదీసి లోపల బూరుగు దూది కుక్కాడు. గాలి ఆడడానికి పెట్టె అడుగున వేసిన కన్నాన్ని ఉలితో కాస్త పెద్దది చేశాడు, మళ్లీ పలకముక్క పెట్టి సగం మూశాడు. ప్రతిసారీ పెట్టెను వేలితో తట్టి చెవి ఆనించి వినేవాడు. పదకొండు గంటలప్పుడు దయామణి అతనికి సంగటి తెచ్చింది. ఆమె కూడా చెవి ఆనించింది. ఒకే పెట్టెకు ఇటు ఆమె తల, అటు అతని తల. నడుమ ఆ పలకరాయి పెట్టె.

"ఇప్పుడు గుండెకాయ కొట్టుకున్నట్టుంది బావా" అంది.

పందిరి గుంజ పక్కన నిలబడ్డ మోషే ఆ మాట విన్నాడు. అంతే. అప్పుడే తీర్మానించుకున్నాడు.

పెళ్లికి ముందు అతను కర్నూలులో ఒక సినిమా హాల్లో పని చేశాడు. తెర వెనక రెండు లౌడ్‌స్పీకర్లు ఉండేవి. ఒకసారి ఎవరో ఒకదాని తీగలు రెండూ అటుదిటు, ఇటుదటు బిగించారు. నడిమి కుర్చీల వాళ్లు కథానాయకుడు నూతిలోంచి మాట్లాడుతున్నాడని గోల చేశారు. రెండు శంకులూ కలిసి ముందుకు దూకాలి. ఒకటి ముందుకు దూకేటప్పుడు రెండోది వెనక్కి పోతే ఒకదాని మోతను ఇంకొకటి తినేస్తుంది. నట్టనడుమ ఉన్నవాడికి పిప్పి మిగులుతుంది. పెట్టె పగలదు, వాల్వు కాలదు, ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. పిప్పి గొంతు విన్న జనం పలకపెట్టెలను ఛీ అంటారు.

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. పందిరి ఖాళీ అయింది. మోషే ఆడవాళ్ల వైపు పెట్టె వెనక చేరాడు. మర రెండు చుట్లు వదులు చేశాడు. తీగ ఒకటి ఊడింది. రెండోది పట్టుకున్నాడు.

"ఎవురదీ?"

మోషే తీగ వదలకుండానే తల తిప్పాడు. వెనక సంతోషమ్మ. చాప పరిచి తన చోటు పట్టుకోవడానికి అందరికంటే ముందు వచ్చిన ముసలమ్మ.

"నేనే అత్తా. మోషేను."

"ఏం చేస్తన్నావురా ఆడ?"

"తీగ వదులైంది. బిగిస్తన్నా."

సంతోషమ్మ అతని దగ్గరకు వచ్చి తల నిమిరింది. "నీ కుర్చీ లాక్కోను వచ్చినోడికి సాయం చేస్తన్నావా! నీ మనసు ఎవురికి వస్తాదిరా నాయనా!"

మోషే తలెత్తలేదు. తీగలు రెండూ తారుమారు చేసి, మరలు బిగించి వెళ్లిపోయాడు.

*

సాయంత్రం అతను కావాలనే మగవాళ్ల వరుసల్లో ముందు కూర్చున్నాడు. కృపాకర్ ముఖం మాడడం దగ్గరగా చూడాలి.

అయ్యగారు నోరు తెరిచాడు. గొంతు నిండుగా వచ్చింది. మోషే చెవులు రిక్కించాడు. పిప్పి ఏది? వెనకనుంచి "పెంచు!" అని కేక వచ్చింది. కృపాకర్ భయం భయంగా మీట తిప్పాడు. ఊళ లేదు. ఇంకొంచెం తిప్పాడు. లేదు. నిన్నటి హద్దు దాటి చాలా దూరం తిప్పేశాడు. గొంతు పందిరి దాటి, బండ్ల దగ్గర ఎద్దులకు మేత వేస్తున్న వాళ్ల దాకా పోయింది. వెనక జనం చప్పట్లు కొట్టారు.

"దూది పనిచేసింది!" అన్నాడు కృపాకర్ ముఖం వెలిగిపోతూ.

మోషే రెండు పెట్టెల వంకా మార్చి మార్చి చూశాడు. తీగలు మార్చింది కలా? లేచి బయటికి పోతున్నట్టు నడిచి, నడిమి బాటలోకి వచ్చాడు. అక్కడ ఆగాడు.

అక్కడ ఉంది పిప్పి. అయ్యగారి గొంతు పలచగా, నూతిలోంచి వచ్చినట్టు ఉంది. రెండడుగులు అటు వేస్తే నిండు గొంతు. రెండడుగులు ఇటు వేస్తే నిండు గొంతు. నట్టనడుమ మాత్రమే ఏమీ లేదు.

కాని నట్టనడుమ ఎవరున్నారు? సభల్లో ఆడవాళ్లు ఎడమ పక్క, మగవాళ్లు కుడి పక్క, నడుమ బండి పట్టేంత బాట. పుట్టినప్పటినుంచీ ఆ చాపల మీద కూర్చున్న మనిషి, సినిమా హాలు కుర్చీలు తలుచుకుని ఈ బాటను మరిచిపోయాడు. ఇప్పుడు ఆ బాటలో అతనొక్కడే నిలబడ్డాడు.

కాదు, ఇంకొకటి ఉంది. మోషే తలెత్తి చూశాడు. బాటకు ఎదురుగా, వేదిక మీద, సరిగ్గా నడుమ మైకు. పెట్టెల మోత మైకు దగ్గర కూడా చచ్చిపోతోంది. మైకులోకి మోత దూరకపోతే ఊళ ఎక్కడిది?

కృపాకర్ పెట్టెలకున్న ఒకే ఒక్క జబ్బును మోషే తన చేతులతో తనే నయం చేశాడు!

కూటం అయ్యాక జనం కృపాకర్‌ను చుట్టుముట్టారు. అయ్యగారు భుజం తట్టాడు. దయామణి కళ్లలో మెరుపు మోషే అంత దూరం నుంచే చూశాడు. ఆ మెరుపు తనది, న్యాయంగా తనకు రావలసింది. నేను చేశానని చెప్పుకుందామంటే, దొంగతనంగా చేయి పెట్టానని కూడా చెప్పుకోవాలి.

తెల్లవార్లూ అతనికి నిద్ర లేదు. పొద్దెక్కేసరికి దారి దొరికింది. ఎంత సులువైన దారి! తను చెడగొట్టినదాన్ని తనే సరిచేస్తే సరి. తీగలు మొదట ఎలా ఉన్నాయో అలా బిగించేస్తే చాలు. తప్పు దిద్దుకున్నవాణ్ణి ఎవరేమంటారు? దేవుడు కూడా ఏమీ అనలేడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల వేళ మోషే మళ్లీ పెట్టె వెనక చేరాడు. ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు.

*

చివరి కూటం. పందిరి పట్టక జనం బయట కూడా కూర్చున్నారు. వాక్య ప్రసంగానికి ముందు దయామణి పాట. ఆమె మైకు ముందు నిలబడి కొంగు సర్దుకుంది. మొదటి చరణం ఎత్తుకుంది.

కుయ్‌య్‌య్!

చంటిపిల్లలు ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నారు. కృపాకర్ మీట తగ్గించాడు. "వినపడటంల్యా!" అని కేకలు. పెంచాడు. మళ్లీ ఊళ.

"పెట్టెలో నక్కను పెట్టినారా అయ్యగారూ?" అని ఎవరో అరిచారు. మగవాళ్ల వైపంతా గొల్లున నవ్వింది.

కృపాకర్ పెట్టె దగ్గరికి ఉరికి వెనక బండ ఊడదీశాడు. దూది పీకి మళ్లీ కుక్కాడు. అతని చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. దూది నిన్న పనిచేసింది, ఈ రోజు ఎందుకు చేయదో అతనికి అర్థం కావడం లేదు.

ఇస్సాకు అయ్యగారు మోషే వైపు తిరిగాడు. "నీ హారన్లు సిద్ధమేనా?"

"సిద్ధమే అయ్యగారూ" అన్నాడు మోషే.

ఈ ఒక్క మాట కోసమే కదా మూడు రోజులు వేచింది! లేచి నిలబడ్డాడు. వేదిక వైపు చూశాడు. మైకు ముందు దయామణి లేదు.

ఆమె కృపాకర్ పక్కన నేలమీద కూర్చుని ఉంది. అతనికి లాంతరు పట్టుకుంది.

"నువ్వు పక్కకు పో దయా. అందరూ నవ్వుతన్నారు" అంటున్నాడు కృపాకర్.

"నవ్వనీ" అంది దయామణి.

ఆ మాట మోషే గుండెలో సూదిలా దిగింది. తన యాంప్లిఫయర్ గుయ్‌మన్న రోజుల్లో జనం నవ్వితే ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఆడవాళ్ల మధ్యలోకి జరిగేది. తన పక్కన ఎప్పుడైనా కూర్చుందా? నవ్వనీ అందా? గెలిచినవాణ్ణి చూసి ఆమె కళ్లు మెరిస్తే ఎలాగో ఓర్చుకున్నాడు. ఓడినవాడి పక్కన ఆమె ఇలా కూర్చోవడం ఓర్చుకోవడం అతనివల్ల కాలేదు. ఇంకొక్క నిమిషం కూడా ఆగలేకపోయాడు.

హారన్ల వైపు పోవలసిన కాళ్లు పెట్టె వైపు పరుగెత్తాయి.

"లెయ్. నీ పని పాడేది. పో మైకు కాడికి!" అని దయామణి చేతిలోంచి లాంతరు లాక్కున్నాడు. మరలు వదులు చేశాడు. తీగలు తారుమారు చేసి బిగించాడు.

"అన్నా, అది ఉల్టా! అట్ల పెట్టకూడదు" అన్నాడు కృపాకర్.

"పెంచు."

"అన్నా..."

"పెంచు అంటన్నా గదా!"

కృపాకర్ యాంప్లిఫయర్ దగ్గరికి పోయి పెంచాడు. ఊళ లేదు. మైకు దగ్గరికి పోయిన దయామణి పాట పందిరి మీదుగా, బయట కూర్చున్నవాళ్ల మీదుగా పోయింది. చంటిపిల్లలు కూడా ఊరుకున్నారు.

కృపాకర్ పాట వినడం లేదు. తీగల వంక చూశాడు. మైకు వంక చూశాడు. ఇటు పెట్టె, అటు పెట్టె, నడుమ ఖాళీ బాట. అతని పెదవులు కాసేపు కదిలాయి. తర్వాత మోషే ముఖంలోకి చూశాడు.

"నిన్న కూడా ఇట్లనే ఉండెనా?" అన్నాడు నెమ్మదిగా.

మోషే బిగించిన మరలనే మళ్లీ బిగించసాగాడు. కృపాకర్ మళ్లీ అడగలేదు. తిట్టినా బాగుండేది.

*

కూటం ముగిసింది. జనం బండ్లు కట్టుకుంటున్నారు. వేదిక దగ్గర నలుగురే మిగిలారు.

"మాటంటే మాటే. ఊళ ఆపింది మోషే. కుర్చీ మోషేదే" అన్నాడు ఇస్సాకు అయ్యగారు.

మోషే ఛాతీ ఉబ్బింది. కాని దయామణి అతన్నే చూస్తోంది.

"నీకెట్ల తెలిసె?" అంది. "నిన్న బాగుండె. ఈ పొద్దు చెడె. నువ్వు ఉరికిపోయి నేరుగా ఆ తీగల మీదనే చెయ్యేస్తివి. ఎట్ల తెలిసె?"

"అవునబ్బీ, ఎట్ల తెలిసింది?" అన్నాడు అయ్యగారు కూడా.

మోషే వంగి నేలమీది తీగలు చుట్టడం మొదలుపెట్టాడు.

"నా పొరపాటే అయ్యగారూ" అన్నాడు కృపాకర్. "నిన్న తొందరలో నేనే ఆ తీగలు ఉల్టా బిగించినా. ఈ పొద్దు చూసుకుని సరిచేసినా అనుకున్నా. అదే చెడింది. అన్న కనిపెట్టి కాపాడినాడు."

దయామణి కృపాకర్ వైపు తిరిగింది. అతను తీగలు ఉల్టా బిగించే మనిషి కాదని ఆమెకు తెలుసు. అతను ఎవరినో వెనకేసుకొస్తున్నాడని కూడా ఆమెకు తెలిసిపోయింది. ఆమె కళ్లు నీళ్లతో నిండాయి.

"బావా" అంది. అంతే అంది.

నోరు మూసుకుని ఉంటే కుర్చీ మోషేది. గిద్దలూరు దాకా అతని పేరు మైకు మోషే. నోరు మూసుకోవడం ఎంత పని? కాని ఆ కన్నీళ్లు! సామానులోనే కాదు, మంచితనంలో కూడా వీడిదే పైచేయా?

"అబద్ధం!" అని అరిచాడు మోషే. "వాడు అబద్ధం చెప్తన్నాడు. మార్చింది నేను! శనివారం చెడగొడదామని మార్చినా, బాగుపడింది. ఈ మధ్యాహ్నం మళ్లీ మార్చినా. అంతా నేనే చేసినా. వాడు ఏమీ చెయ్యలా!"

బయట ఆయిల్ ఇంజను ఆపేశారు. ఇస్సాకు అయ్యగారు పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు.

"కుర్చీ కృపాకర్‌ది" అన్నాడు.

"అయ్యగారూ, అన్న గూడా..." అని కృపాకర్ అడ్డుపడబోయాడు.

"నువ్వు అబద్ధాలు చెప్పింది చాలు. ఊరుకో" అని అయ్యగారు వెళ్లిపోయాడు.

దయామణి మోషే ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎందుకు చేసినావు?"

"ఆ పెట్టెకు చెవి ఆనించినావు నువ్వు."

"పెట్టెకా?"

"పెట్టెకు అవతల పక్క వాడున్నాడు."

ఆమె వంగి పలకపెట్టె ఒక కొస పట్టుకుంది. "బండి కాడికి చేర్చాల. ఎవురన్నా ఒక చెయ్యి వెయ్యండి."

కృపాకర్ ముందుకు వచ్చాడు. మోషే అతన్ని మోచేత్తో పక్కకు తోసి రెండో కొస పట్టుకున్నాడు. పెట్టె లేచింది. పలకబండ అంచు వేళ్లలోకి దిగింది.

"బరువుంది. దించు, కృపాకర్ బావ సాయం పడతాడు" అంది దయామణి.

"వద్దు" అన్నాడు మోషే.

వేళ్లు తెగుతున్నా బండి దాకా దించలేదు.